పనివాని పనిముట్లు

నెల్లూరు పట్టణమునుండి పడమరగా ముంబయి రహదారి వెంట సుమారు 30 కిలోమీటర్లు పోయినచో సంగం అను ఊరు వచ్చును. ఊరి ప్రక్కనే పెన్నానది ప్రవహించుచుండును. సంగమేశ్వరుని ఆలయము, నది, నదికి అడ్డముగా కట్టిన ఆనకట్ట - ఇవి ఆ ఊరికి గుర్తులు. పంతొమ్మిదవ శతాబ్దపు చివరి భాగమున కట్టిన పాత ఆనకట్ట నూరేండ్లకు మించి రైతులకు నీరందించెను. దాని చెంతనే నిర్మింపబడిన క్రొత్త బ్యారేజి 2022 సెప్టెంబరు 6వ తేదీన ప్రారంభమయ్యెను. అచ్చటినుండి బయలుదేరిన కాలువ కనిగిరి చెరువునకును, దారిలోని పొలములకును నీటిని కొనిపోవును. తూము తలుపు ఎత్తుట, దింపుట, ఒక కాలువలోని నీటిని మరియొక కాలువకు మళ్లించుట - ఈ పనులను చూచుచు పెరిగినవారికి పారుదల యననేమో వేరుగా చెప్పనక్కరలేదు.

ఆ ఊరి రైతు కుటుంబమున పుట్టిన యువకుడొకడు సాఫ్టువేరు ఇంజనీరుగా బెంగుళూరున ఉద్యోగము చేయుచుండెను. 2020వ సంవత్సరమున కరోనా వ్యాధి వ్యాపించి కార్యాలయములు మూతపడినప్పుడు అతడు స్వగ్రామమునకు వచ్చి ఇంటినుండియే పని చేయసాగెను. నడవలో వీధివైపు కిటికీకి ఎదురుగా ఒక బల్ల, బల్లపై ఒక ల్యాప్‌టాప్, ప్రక్కన ఒక నోటుపుస్తకము, కరెంటు పోయినపుడు ఆదుకొనుటకు ఒక బ్యాటరీ పెట్టె - ఇంతియే అతని కార్యాలయము.

ఇరుగుపొరుగు పిల్లలు కిటికీ చువ్వలు పట్టుకొని లోనికి చూచుచుండెడివారు. సాఫ్టువేరు ఇంజనీరు కంప్యూటరు మీద రంగురంగుల బొమ్మలు కదలాడునని వారి ఊహ. కాని వారికి కనబడినది నల్లని గడి యొకటి. దానిలో తెల్లని అక్షరముల వరుసలు. ఎలుకను, అనగా మౌసును, అతడు ముట్టుటయే అరుదు. మీటలపై వ్రేళ్లు ఆడించును. ఒక వరుస వ్రాయును. కంప్యూటరు మారుగా కొన్ని వరుసలు వ్రాయును. “మామా, ఇది పాడైన టీవీయా?” అని ఒక పిల్లవాడు ఒకనాడు అడిగెను. అతడు నవ్వి, “కాదురా, ఇది నా పనిముట్ల పెట్టె” అనెను.

ఆ మాట వేడుకకు అన్నది కాదు. అతడు బాల్యమున తండ్రితో కూడ ఉదయగిరికి పోయినప్పుడు అచ్చటి కొయ్యపనివారిని చూచియుండెను. ఉదయగిరి దుర్గము చుట్టుపట్ల కొండలలో దొరకు నర్ది, బిక్కి మొదలగు కఱ్ఱలతో వారు గరిటెలు, చెంచాలు, ఫోర్కులు చెక్కుదురు. ఆ వస్తువులు భౌగోళిక గుర్తింపును సైతము పొందినవి. పనివాని చుట్టును చిన్న చిన్న పనిముట్లు పరచియుండును. కోయుటకు ఒకటి, తొలుచుటకు ఒకటి, నునుపు చేయుటకు ఒకటి. ఒక దాని పనిని మరియొకటి చేయదు. కాని అన్నియు చేతులు మారుచుండగా మొద్దుకఱ్ఱ చెంచా యగును. పెద్దవాడై కంప్యూటరు ముందు కూర్చుండిన పిమ్మట అతనికి ఆ దృశ్యము తరచుగా జ్ఞప్తికి వచ్చుచుండెను. ఏలయన, అతడు నల్లని గడిలో వాడు సాధనములును అట్టివే.

ఆ సాధనముల పుట్టుక 1969వ సంవత్సరమున అమెరికాలోని బెల్ పరిశోధనాలయమున జరిగినది. కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచ్చీ అను ఇరువురును వారి సహచరులును యూనిక్స్ అను వ్యవస్థను నిర్మించిరి. ఒక్కొక్క సాధనము ఒక్క పనినే చేయవలెను, దానిని చక్కగా చేయవలెను అనునది వారి నియమము. వారి తోడివాడగు డగ్లస్ మెకిల్‌రాయ్ 1964 నాటికే ఒక చిన్న పత్రమున ఒక కోరిక వ్రాసియుంచెను. తోటలో నీటిగొట్టమునకు మరియొక గొట్టము బిగించినట్లు ఒక ప్రోగ్రామునకు మరియొక ప్రోగ్రామును తగిలించు వీలుండవలెనని ఆ కోరిక. అది 1973లో నెరవేరెను. థాంప్సన్ ఒక్క రాత్రిలో ఆ యేర్పాటును చేసెనని చెప్పుదురు. దానికి పైపు అని పేరు. మీటల పలకపైనున్న నిలువుగీత దాని గుర్తు. ఒక సాధనమునుండి వెలువడిన అక్షరములు ఆ గీతను దాటి తరువాతి సాధనములోనికి పారును.

సంగం యువకునికి ఈ సంగతిని ఎవరును రెండు మారులు చెప్పవలసిన పని లేకపోయెను. కాలువకు తూము, తూముకు పిల్లకాలువ, పిల్లకాలువకు మడి. నీరు మాత్రము ఒక్కటే.

అతడు తన పనిముట్లలో మొదట పేర్కొనునది మ్యాన్ అను సాధనమును. ఏ కమాండు ఏమి చేయునో, ఎట్లు వాడవలెనో అది చెప్పును. యూనిక్స్ తొలి సూచనల గ్రంథము 1971 నవంబరు 3వ తేదీతో వెలువడినది. ఆ పరంపరయే నేటికిని మ్యాన్ పుటలుగా నిలిచియున్నది. తెలియని దానిని ఇతరులను అడుగుటకు ముందు ఆ పుటలను చదువుట అతని అలవాటు. ఇంటర్నెట్టు లేని వేళలందును అవి దొరకును. గాలివానకు తీగలు తెగిన రాత్రులలో, బ్యాటరీ వెలుతురున అతడు వానిని కథలవలె చదివిన దినములు కలవు.

రెండవది విమ్ అను ఎడిటరు. నెదర్లాండ్సు దేశీయుడగు బ్రామ్ మోలెనార్ దానిని 1991లో లోకమునకు విడుదల చేసెను. దానికి వెల లేదు. ఎవరైనను వాడుకొనవచ్చును, నచ్చినవారు ఉగాండా దేశమునందలి అనాథ బాలలకు చేతనైన సాయము చేయవలసినదని మాత్రము ఆయన కోరెను. ఫైలేదియు లేక ఆ ఎడిటరును తెరచినవారికి ఆ విన్నపము మొదటి పుటయందు కనబడుట కలదు. మోలెనార్ 2023 ఆగస్టు మాసమున కన్నుమూసెను. ఆయన చేసిన పనిముట్టు మాత్రము లక్షలాది బల్లలపై నడచుచునే యున్నది. తాను ముఖమైన చూడని ఒక మనుష్యుడు తనకొక పనిముట్టును ఊరకనే ఇచ్చిపోయెనను తలపు ఆ యువకునికి వినయమును కలిగించుచుండును.

ఇక మూడవది గ్రెప్. ఒక మాట ఏ వరుసలో నున్నదో వెదకి చూపుట దాని పని. దాని పుట్టుకకును ఒక కథ కలదు. 18వ శతాబ్దపు చివరను అమెరికాలో కొందరు రాజనీతిజ్ఞులు మారుపేరుతో 85 వ్యాసములను ప్రకటించిరి. వానిలో ఏది ఎవరు వ్రాసినదో తేల్చుటకై బెల్ పరిశోధనాలయమున లీ మెక్‌మాన్ అను పండితుడు పూనుకొనెను. ఆ వ్యాసముల పాఠము నాటి ఎడిటరులో పట్టలేదు. ఆయన కొరకు థాంప్సన్, ఎడిటరులోని వెదకు భాగమును మాత్రము వేరుచేసి ఒక సాధనముగా మలచెను. అదియే గ్రెప్. ఒక పాత గ్రంథమున పేర్ల చిక్కు విప్పుటకు పుట్టిన ఆ సాధనము సంగంలో మరియొక పేరు చిక్కు విప్పునని ఎవరును ఊహించియుండరు.

ఇవి గాక వరుసలను క్రమములో పెట్టుటకు సార్ట్, లెక్కించుటకు డబ్ల్యూసీ, రెండు ఫైళ్ల భేదములను చూపుటకు డిఫ్, పాఠములో మార్పులు చేయుటకు సెడ్ - ఇట్టివి మరికొన్ని కలవు. వీనిలో ఏదియు చూపునకు ఘనమైనది కాదు. పిట్ట కొంచెము, కూత ఘనము అన్నట్లు ఉండును.

అన్నిటికంటె అతడు ప్రేమించు సాధనము గిట్. ఆ ప్రేమకు కారణము ఒక నష్టము. ఉద్యోగమున చేరిన క్రొత్తలో అతడు ఒక అర్ధరాత్రి నిద్రమత్తులో ఫైళ్లను తొలగించు కమాండును తప్పు చోట వ్రాసెను. ఆ కమాండు పేరు ఆర్‌ఎమ్. అది మారు ప్రశ్న వేయదు. తుడిచినదానిని తిరిగి ఈయదు. వారము దినముల పని రెప్పపాటులో మాయమయ్యెను. మరునాడు పై అధికారికి విషయము చెప్పునప్పుడు అతడు ఆ తప్పును కంప్యూటరు మీదికి నెట్టవచ్చును. కాని ఆడలేక మద్దెల ఓడనుట అతనికి ఇష్టము లేకపోయెను. “తప్పు నాది, తిరిగి వ్రాసెదను” అని ఒప్పుకొని, తొమ్మిది దినములు కూర్చుండి తిరిగి వ్రాసెను.

నాటినుండి అతడు గిట్‌ను విడువలేదు. లైనస్ టోర్వాల్డ్స్ 2005 ఏప్రిల్ మాసమున దానిని నిర్మించెను. లినక్స్ కొరకు అంతవరకు వాడుచున్న మరియొక సాధనమును ఉచితముగా వాడుకొను వీలు తప్పిపోగా, ఆయన కొలది దినములలోనే దీనిని పనికి వచ్చునట్లు చేసెను. పని యొక్క ప్రతి దశను గిట్ భద్రపరచును. నిన్నటి పాఠము, మొన్నటి పాఠము, ఎవరు ఏ వరుసను ఎప్పుడు ఎందులకు మార్చిరో ఆ కారణము - అన్నియు అందుండును. పలువురు పలు శాఖలుగా పనిచేసి చివరకు ఒకచోట కలుపవచ్చును. శాఖలు కలియు చోటును చూచినప్పుడెల్ల అతనికి తన ఊరి పేరు తలపునకు వచ్చును.

ఈ పనిముట్లన్నియు అతనికి జీతము తెచ్చిపెట్టునవి. అవి తన ఊరికి ఎన్నడైన పనికివచ్చునా అని అతడు పెద్దగా ఆలోచింపలేదు. ఆలోచింపవలసిన దినము ఒకటి వచ్చెను.

2021 నవంబరు మాసమున భారీ వర్షములు కురిసి పెన్నకు పెద్ద వరద వచ్చెను. తీరగ్రామములలో నారుమళ్లు, అప్పుడే నాటిన పైరులు మునిగిపోయెను. పిమ్మట పంట నష్టపోయిన రైతుల పేర్లతో ఒక కార్యాలయమువారు ఒక పట్టిక సిద్ధము చేసిరి. పలు గ్రామముల పేర్లను పలువురు వ్రాసి పంపగా, వానిని ఒకచోట కూర్చి, అకారాది క్రమమున పెట్టి, ప్రజలు చూచుకొనుటకు ప్రకటించిరి. ఆ ఫైలునే ఊరివారి ఫోనులకును పంపిరి. పేరు లేనివారు మూడు దినములలో తెలుపుకొనవలెనని గడువు విధించిరి.

యువకుని ఎదురింట ఒక అవ్వ ఉండెను. భర్త గతించి చాలకాలమయ్యెను. ఆమెకు ఎకరమునకు లోపు పొలము కలదు. అప్పు తెచ్చి నారు పోసియుండెను. ఆమెకు చదువు రాదు. మొదటి దినమున కార్యాలయమునకు పోయి అడుగగా, అచ్చటి గుమాస్తా కంప్యూటరులో ఆమె పేరు కొట్టి వెదకి, లేదనెను. ఆమె వేడుకొనగా పుటలు తిప్పి, ఆ పేరు ఉండవలసిన చోట చూచెను. అచ్చటను లేదు. రెండవ దినమున ఆమె మరల పోయి మరల అదే మాట విని వచ్చెను. పొలము చూచి వ్రాసికొని పోయినవారు తన పేరు వ్రాయలేదేమో, తన బీదతనము చూచి తీసివేసిరేమో అని ఆమె మనస్సున శంకలు పుట్టెను.

ఆ సాయంకాలము ఆమె యువకుని కిటికీ దగ్గరకు వచ్చి నిలుచుండెను.

“నాయనా, ఆ పెట్టెలో నా పేరు ఉన్నదేమో ఒక్కసారి చూడవయ్యా. నీ కంటికైనా కనబడుతుందేమో.”

“చూచెదను. నీవు ఇట్లు వచ్చి కూర్చో అవ్వా.”

అతడు పట్టికను సాదా పాఠముగా మార్చి, గ్రెప్‌తో ఆమె పేరును వెదకెను. ఒక్క వరుసయు రాలేదు. గుమాస్తా చెప్పినది నిజమే యనిపించెను. అవ్వ అతని ముఖమునే చూచుచుండెను. లేదని చెప్పి పంపుట తేలిక. కాని ఒక్క ప్రశ్నకు వచ్చిన ఒక్క జవాబుతో తృప్తిపడరాదని అతని పనిముట్లే అతనికి నేర్పియుండెను. పట్టికలో ప్రతి పేరు ప్రక్కను తండ్రి పేరో, భర్త పేరో ఉండెను. ఈసారి అతడు ఆమె భర్త పేరును వెదకెను. వెంటనే రెండు వరుసలు వచ్చెను. మొదటి వరుస మరియొక గ్రామపు రైతుది. రెండవ వరుసలో ఊరు సంగం, భర్త పేరు అదియే, విస్తీర్ణము సరియైనదే. మొదట ఉన్నది అవ్వ పేరే!

నల్లని గడిలో తెలుగు లిపి సరిగా రూపుకట్టదు. వత్తులును గుణింతములును చెదరి కనబడును. కనుక అతడు ఆ వరుసను మరియొక ఎడిటరులో తెరచి చూచెను. సందేహము లేదు. అక్షరమక్షరము ఆమె పేరే. పేరు కంటికి కనబడుచున్నది, వెదకినచో లేదనుచున్నది. అతడు కొంతసేపు నిశ్చేష్టుడై కూర్చుండెను.

“ఉన్నదా నాయనా?”

“ఉన్నది అవ్వా. కాని ఎందుకో దాగి ఉన్నది. ఎందుకో చూడవలెను.”

అప్పుడతడు ఓడీ అను ఒక ముసలి పనిముట్టును తీసెను. అది 1971 నాటి తొలి యూనిక్స్‌లోనే ఉండెను. నెలల తరబడి అతడు దానిని ముట్టియుండలేదు. ఫైలులోని అక్షరములను బొమ్మలుగా గాక, యంత్రము దాచుకొను సంఖ్యలుగా చూపుట దాని పని. ఇచ్చట ఒక సంగతి తెలిసికొనవలెను. కంప్యూటరుకు అక్షరములు లేవు, సంఖ్యలే కలవు. లోకములోని లిపులలో ఒక్కొక్క అక్షరమునకు ఒక్కొక్క సంఖ్యను కేటాయించు పద్ధతికి యూనికోడ్ అని పేరు. 1991లో వెలువడిన దాని మొదటి సంపుటమునందే తెలుగునకు 128 స్థానములు కేటాయింపబడినవి. ఆ సంఖ్యలను ఫైలులో దాచు యూటీఎఫ్-8 అను పద్ధతిని 1992 సెప్టెంబరులో కెన్ థాంప్సన్, రాబ్ పైక్ అనువారు న్యూజెర్సీలోని ఒక భోజనశాలలో కూర్చుండి, పళ్లెము క్రింది కాగితము మీద రూపొందించిరి. గ్రెప్‌ను చేసిన థాంప్సనే ఈ థాంప్సన్. ఆ పద్ధతిలో ప్రతి తెలుగు గుర్తుకును మూడేసి సంఖ్యలు పట్టును. సంగం అను మాటను తీసికొందము. బడిపిల్లవానికి అది రెండక్షరములు. యూనికోడ్‌కు నాలుగు గుర్తులు: స, సున్న, గ, సున్న. ఫైలులో పన్నెండు సంఖ్యలు.

యువకుడు తాను మీటలతో వ్రాసిన అవ్వ పేరును, పట్టికలోని అవ్వ పేరును ఒకదాని క్రింద ఒకటి పరచి చూచెను. సంఖ్యలన్నియు సరిపోవుచు వచ్చి, సున్న దగ్గర విడిపోయెను. అతడు వ్రాసిన సున్న 224, 176, 130. పట్టికలోని సున్న 224, 177, 166.

మర్మము బయటపడెను. తెలుగులో గుండ్రని సున్నలు రెండు. ఒకటి అక్షరము వెంట నిలిచి పలుకు నిండుసున్న. దానిని వ్యాకరణమున పూర్ణానుస్వారమందురు. రెండవది తెలుగు అంకెలలోని సున్న, ౦. రెండును గుండ్రని రూపములే. ఇంచుమించు ఒక్కటే పోలిక. రెంటికిని వాడుకలో పేరు ఒక్కటే. కన్ను వానిని వేరుచేయలేదు, నాలుక వేరుచేయదు. యంత్రమునకు మాత్రము అవి ఆవు, ఆవగింజవలె వేరు వేరు వస్తువులు. పాత లిపులనుండి పాఠమును మార్చునపుడో, మీట పొరపాటుననో, ఎవరో అక్షరపు సున్నకు మారుగా అంకె సున్నను పెట్టిరి. అవ్వ పేరున అట్టి సున్నలు రెండు కలవు. అందుచేతనే వెదకినపుడు ఆ పేరు దొరకలేదు. అకారాది క్రమమున కూర్చినపుడు తన చోట నిలువక వేరొక పుటలోనికి పోయెను. పట్టికలో ఉండియు ఆమె లేనిదయ్యెను.

ఆ యువకుడు అవ్వ పేరు దొరికినదని లేవలేదు. ఈ పొరపాటు ఒక్క వరుసలోనే జరిగియుండునా? పట్టికలో విస్తీర్ణములన్నియు 1, 2, 3 అను అంకెలతోనే వ్రాయబడియున్నవి. తెలుగు అంకె ఎచ్చటను ఉండవలసిన పని లేదు. కావున అతడు గ్రెప్‌కు తెలుగు అంకె సున్ననే ఇచ్చి వెదకెను. గడి నిండ వరుసలు వచ్చెను. అవి ఒక్క ఊరివి కావు. పేరున సున్న ఉండుటయే నేరమైనట్లు, ఎందరో రైతులు ఆ పట్టికలో మరుగుపడియుండిరి. వారిలో ఎందరు కార్యాలయమునకు పోయి లేదను మాట విని వెనుదిరిగిరో!

అతడు మొదటి పట్టికను తాకలేదు. ఇతరుల పత్రమును, అందును ప్రజల పత్రమును, మంచికైనను తనంతట తాను దిద్దుట తగదని అతడెరుగును. ఒక నకలు తీసి గిట్‌లో భద్రపరచెను. ఆ నకలులో సెడ్ చేత అంకె సున్నలను అక్షరపు సున్నలుగా మార్చెను. డిఫ్ చేత రెంటికిని గల భేదములను తీసి, ఒక్కొక్క వరుసను తన కంటితో చదివెను. సున్న తప్ప మరేదియు మారలేదని నిశ్చయము చేసికొని, వరుస సంఖ్యలతో సహా అచ్చు తీసెను. ఇంతయు ముగియునప్పటికి రాత్రి చాల పొద్దుపోయెను. అవ్వ అరుగుమీదనే కునికిపాట్లు పడుచుండెను.

మూడవ దినము ఉదయమున అతడు అవ్వను వెంటబెట్టుకొని కార్యాలయమునకు పోయెను. గుమాస్తా వారిని చూడగానే విసుగుతో, “నిన్ననే చెప్పితిని గదా, పేరు లేదని” అనెను. యువకుడు కోపపడలేదు. “అయ్యా, మీరు వెదకినది నిజమే. నాకును మొదట దొరకలేదు. ఈ సంఖ్యగల వరుసను ఒక్కసారి చూడుడు” అని కాగితమును ముందు పెట్టెను. గుమాస్తా ఆ వరుసను తెరచి చూచి ఉలికిపడెను. పేరు కనబడుచున్నది! అతడు తన చేతితో ఆ పేరును మరల కొట్టి వెదకెను, లేదని వచ్చెను. మరల ఆ వరుసను చూచెను, ఉన్నది.

యువకుడు రెండు సున్నల సంగతి వివరించెను. గుమాస్తా కొంచెముసేపు మాటలాడలేదు. పలు గ్రామములనుండి వచ్చిన పట్టికలను తానే రెండు రాత్రులు నిద్రలేక కూర్చితినని, ఇట్లు జరుగునని ఎరుగనని చెప్పెను. ఆ మాటలో అబద్ధము లేదు. అతడు లేచి అవ్వకు కుర్చీ వేసి, “అవ్వా, నీ పేరు మొదటినుండియు ఉన్నది. మేము చూడలేకపోతిమి” అనెను. పిమ్మట యువకుడిచ్చిన కాగితమును పై అధికారికి చూపి, అనుమతి పొంది, వరుసలన్నిటిని ఒక్కొక్కటిగ సరిచూచి దిద్దెను. గడువు ముగియక మునుపే దిద్దిన పట్టిక ప్రకటింపబడెను.

కొన్ని దినముల తరువాత అవ్వ ఒక చిన్న సంచి తెచ్చి యువకుని బల్లపై పెట్టెను. అందు మొలగొలుకుల బియ్యము ఉండెను. ఒకప్పుడు నెల్లూరు సీమకు పేరు తెచ్చిన ఆ బియ్యము ఇప్పుడు అరుదైపోయినది. ఎవరినో అడిగి ఆమె అతని కొరకు తెచ్చెను.

“ఎందుకు అవ్వా ఇది? నేను చేసినది ఏమున్నది? పనిముట్లు చేసినవి.”

“పనిముట్లు వాటంతట అవే లేచి చేస్తాయా నాయనా? మా ఆయన కొడవలి ఇప్పటికీ చూరులో ఉన్నది. అది ఒక్క కంకి కోసిందా?”

యువకునికి మారుమాట తోచలేదు.

అవ్వ మాటలో ఎంతయో సత్యము కలదు. గ్రెప్ లేదనిన చోట ఆగిపోయినచో అది పేదరాలి పేరును చెరిపినదై యుండెడిది. అదే సాధనమును మరియొక ప్రశ్నతో వాడగా అది ఎందరి పేర్లనో వెలికి తీసెను. పనిముట్టుకు దయ లేదు, ద్వేషము లేదు. అడిగినదానికే అది జవాబు చెప్పును. ఏమి అడుగవలెనో, ఎంతవరకు అడుగవలెనో నిర్ణయించునది పనివాని మనస్సు. ఉదయగిరి కొయ్యపనివాడు కఱ్ఱ ఈనెను చూచి ఉలిని పట్టును. కాలువ కావలివాడు పొలము దాహమును చూచి తలుపు నెత్తును. కంప్యూటరు ముందు కూర్చున్నవాడు తెరపై వరుసలను చూచునప్పుడు, ఒక్కొక్క వరుస వెనుక ఒక మనుష్యుడు నిలిచియుండునని గుర్తుంచుకొనవలెను.

నాటినుండి ఆ యువకుని పనిముట్ల పెట్టెలో క్రొత్త సాధనమొకటి చేరెను. తెలుగు పట్టికలలో అక్షరము వెంట అంకె సున్న వచ్చిన చోటులను చూపు చిన్న ప్రోగ్రాము అది. పది వరుసలు మించదు. అతడు దానిని వెల లేకుండ ఎవరైనను తీసికొనునట్లు ఇంటర్నెట్టులో ఉంచెను. మోలెనార్‌వలె అతడును వాడువారికి ఒక విన్నపము చేసెను. పేరు దొరకలేదని ఎవరికైనను చెప్పుటకు ముందు మరియొక విధముగా ఇంకొకసారి వెదకవలసినదని ఆ విన్నపము.

కిటికీ దగ్గర పిల్లలు ఇప్పటికిని మూగుచుందురు. ఆ నల్లని గడి పాడైన టీవీ యని మాత్రము ఇప్పుడు ఎవరును అనరు.